లైనింగ్ వద్దక్కా

సద్దుల బతుకమ్మకు ఇంక రెండు రోజులే ఉంది, షాపుల నలభై బ్లౌజులు పెండింగ్, నేను నెమలికంఠం రంగు పట్టు ముక్క మీద చాక్‌తోని చంక కొలత గీస్తున్న. ముందు గుండెల దడదడ మొదలైంది, ఆ తర్వాత ఛాతి నుంచి మెడకు, మెడ నుంచి చెవులకు వేడి పాకుకుంట పోయింది, ఉడికే అన్నం గిన్నె మూత తీస్తే ముఖానికి ఆవిరి కొడతది సూడుండ్రి అట్ల, కాకపోతే ఇది లోపలి నుంచి. రెండు నిమిషాలల్ల వీపంత తడిసిపోయింది. నుదుటి మీది చెమట చుక్క జారి ముక్కు కొసకు వచ్చి టప్పుమని ఆ పట్టు మీద పడ్డది.

పట్టు కుట్టేటోళ్ళకు తెలుసు నీళ్ళ చుక్క పడితే ఏమైతదో. ఆరినంక గుండ్రంగ అంచు కనపడుకుంట మరక నిలుస్తది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. గీసిన గీతలన్నీ దులిపేసి ఆ చుక్క పడ్డ జాగ చంక కింద లోపలి మార్జిన్లకు పోయేటట్టు కటింగ్ మార్చిన. కస్టమర్‌కు ఇప్పటికీ తెల్వదు. అప్పుడు నాకు 47 ఏండ్లు, హన్మకొండ నయీంనగర్‌ల చిన్న లేడీస్ టైలర్ షాపు నాది, మెషిన్ మీద కూసోవట్టి 22 ఏండ్లయింది, కస్టమర్ బట్ట మీద చెమట పడుడు అదే మొదటిసారి.

నేను ఫస్టు బీపీ అనుకున్న. మా గల్లీల ఆర్ఎంపీ దగ్గరికి పోతే బీపీ సూసి నార్మలే ఉంది, గ్యాస్ అయి ఉంటదని గోలీలిచ్చిండు. వారం మింగిన. గ్యాస్ తగ్గిందో లేదో గని ఆవిర్లు తగ్గలే. ఆ తర్వాత ఒకరోజు దడ ఎక్కువై, గుండెపోటేమో అని మా ఆయన భయపడి ఒక ప్రైవేట్ దవాఖానకు తీస్కపోయిండు, ఈసీజీ, టూడీ ఎకో, షుగర్, రక్తం, అన్నీ రాసిన్రు, అన్నీ మంచిగనే వచ్చినయ్, బిల్లు మాత్రం మంచిగ రాలే. గుండె డాక్టర్ రిపోర్టులు సూసుకుంట "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అన్నడు. పండుగ ముందర టైలర్‌కు టెన్షన్ తగ్గించుకోమంటే ఏం చెప్పాలె. పోనీ ఆయన తప్పు అని కూడా అనలేను, గుండె సంగతి సూడాల్సిందే, సూసిండు. కాకపోతే "నెలసరి ఎట్ల వస్తుందమ్మా" అని ఒక్కమాట అడిగితే అయిపోయేది. ఎవ్వలు అడగలే. నేను చెప్పలే.

ఎందుకంటే ఆ టైమ్‌ల నాకు నెలసరి గాడి తప్పింది. ఒక నెల పదిహేను రోజులకే వచ్చుడు, ఇంకో నెల రాకపోవుడు, మల్ల రెండు నెలలకు వచ్చి ఎనిమిది రోజులు పోవుడు. ఇదొక్కటి, ఆవిర్లొక్కటి అనుకున్న, రెండిటికి లంకె ఉందని నా బుర్రకు తట్టలే. ముట్లు ఆగిపోయినంకనే మెనోపాజ్ కష్టాలు వస్తయని అనుకునేదాన్ని, ఆగకముందు రెండు మూడేండ్ల నుంచే మొదలైతయని అప్పుడు తెల్వదు. మెనోపాజ్ అనేది కూడా పన్నెండు నెలలు వరుసగ రాకపోతేనే లెక్క, నడుమ ఒక్కసారి వచ్చినా మీటర్ మల్ల జీరో కాడికే. నాకు ఐదు నెలలు రాలే, అయిపోయిందిలే అనుకుంటే శ్రావణ శుక్రవారం నాడే వచ్చి కూసుంది.

ఇగ రాత్రుల సంగతి. డిసెంబర్ నెల, మనకాడ తెల్లవారుజామున ఎంత చలి ఉంటదో తెలుసు కదా, మా ఆయన రగ్గు రెండు మడతలేసి చెవుల దాక కప్పుకుని పండుకుంటడు. నేను రెండింటికి లేచి ఫ్యాన్ ఐదు మీద పెడ్తున్న. ఆయన లేచి బంద్ చేసుడు, నేను మల్ల వేసుడు. "ఏందే, నీకు ఏమన్న దయ్యం పట్టిందా, డిసెంబర్ల ఫ్యానా" అని లొల్లి. పది నిమిషాలైతే ఆ చెమట తడికి నాకే చలి పుట్టి వణుకు వస్తది, అప్పుడు నేనే పోయి బంద్ చేస్త. నైటీ మార్చుకునుడు రెండుసార్లు, దిండు గలీబు తిప్పి ఏసుకునుడు ఒకసారి, తెల్లారి ఏడింటికి షాపు. అట్ల నిద్ర లేక కళ్ళు మండుకుంట కుడితే ఒక పెండ్లి బ్లౌజుకు రెండు చేతులు ఒకే వైపువి కుట్టిన. నేర్చుకునే పిల్లలు చేసే తప్పు అది.

తెలిసినోళ్ళందరు ఒక్కటే మాట, "వేడి చేసింది." సబ్జా గింజలు తాగు, బార్లీ తాగు, రాగి అంబలి తాగు, తలకు ఆముదం పెట్టు. నేను అన్నీ చేసిన, అబద్ధమెందుకు, అంబలి ఇప్పటికీ తాగుత, మంచిగనే ఉంటది. కని ఆవిర్లకు అవి ఏం చేయలే. ఒకామె అయితే ఏవో మూలికల పొడి అని 2,400 రూపాయలు తీసుకున్నది, డబ్బా మీద లోపల ఏముందో కూడా రాసి లేదు, పదిరోజులు తాగినంక కడుపుల మంట మొదలైతే పారేసిన.

హైదరాబాద్‌ల ఉండే నా బిడ్డ పండుగకు వచ్చింది, నేను చీర కొంగుతోని విసురుకునుడు సూసి "అమ్మా అవి హాట్ ఫ్లషెస్, మా ఆఫీసుల ఒక మేడంకు గట్లనే అయితది, టేబుల్ మీద చిన్న ఫ్యాన్ పెట్టుకుంటది" అన్నది. ఎప్పుడెప్పుడు వస్తున్నయో రాసిపెట్టు, డాక్టర్‌కు చూపెట్టనీకి పనికొస్తది అన్నది. నాకు వేరే నోట్‌బుక్ ఎక్కడ, కొలతల పుస్తకం ఎనక పేజీల నుంచి రాసుడు మొదలుపెట్టిన. టైమ్, ఎంతసేపు, అప్పుడు ఏం చేస్తున్న. "11.20, మూడు నిమిషాలు, చాయ్ తాగిన." "4.05, ఇస్త్రీ కాడ." "రాత్రి 2, నైటీ మార్చిన." నెల రోజులల్ల ఎక్కువ వచ్చిన రోజు 11, తక్కువ వచ్చిన రోజు 6. వేడి వేడి చాయ్, ఇస్త్రీ, కరెంట్ పోవుడు, కోపం, ఈ నాలుగు మాటిమాటికి కనపడ్డయ్. మిరపకాయ బజ్జీలు కూడ అనుకున్న గని లెక్క తీస్తే వాటి తప్పేం లేదు, పాపం ఊకెనే బంద్ చేసిన రెండు నెలలు.

ఉగాది అయినంక ఆ పుస్తకం పట్టుకుని ఒక లేడీ డాక్టర్ దగ్గరికి పోయిన. అప్పటికి నెలసరి ఆగి పద్నాలుగు నెలలు. మేడం పుస్తకం తిప్పి సూసి ముందు నవ్వింది, ఎందుకంటే ఒకవైపు "నడుము 34, ఛాతి 38", తిప్పితే "రాత్రి 2, నైటీ". ఆ తర్వాత నేను ఏం పని చేస్తనో అడిగి, నా పని మాటలల్లనే చెప్పింది. "నీ ఇస్త్రీ పెట్టెల థర్మోస్టాట్ ఉంటది కదా, వేడి ఎక్కువైతే టక్కుమని ఆఫ్ అయితది. మెదడు కింద భాగంల హైపోథాలమస్ అని ఉంటది, అది ఒంటికి థర్మోస్టాట్. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేటాళ్ళకు దాని సెట్టింగ్ చెడిపోయింది, అంతే" అన్నది.

నేను ఇంకొంచెం అడిగి నాకు అర్థమైనట్టు చెప్త. ఒంటి వేడి ఇంత దాటితే చెమట పట్టాలె అని పైన ఒక గీత, ఇంత తగ్గితే వణుకు రావాలె అని కింద ఒక గీత, నడుమ జాగా. మేము బ్లౌజుకు లోపల మార్జిన్ ఇడుస్తం కదా, మనిషి జర లావైనా జర సన్నబడ్డా కుట్టు పిగలకుండ. ఆ మార్జిన్ అసలే లేకుండ అంచుకు కుట్టినమనుకోండ్రి, గట్టిగ ఊపిరి పీల్చినా పిగుల్తది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఆ రెండు గీతల నడుమ మార్జిన్ సన్నమైపోతది. గ్లాసెడు చాయ్‌తోని ఒంటి వేడి ఎంత పెరుగుతది, దారం మందం. దానికే మెదడు అమ్మో కాలిపోతున్నమని రక్తనాళాలన్నీ తెరిచి రక్తాన్ని చర్మం మీదికి తోసి చెమట పట్టిస్తది, గుండె కూడ దానికోసమే ఉరుకుతది, ఆ చెమట ఆరుకుంట ఒంటిని అవసరం లేకున్నా చల్లార్చేసరికి కింద గీత తగిలి వణుకు. డిసెంబర్ల ఫ్యాన్ వేసుడు, బంద్ చేసుడు ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. మా ఆయనకు ఇంటికి పోయి ఇదే చెప్పిన, బ్లౌజు ముక్క చూపెట్టుకుంట.

అంతకుముందు ఒక ల్యాబుల ఎఫ్ఎస్‌హెచ్ అని హార్మోన్ టెస్ట్ కూడ చేయించిన్రు. మేడం అది పక్కకు పెట్టింది, 45 దాటినంక గాడి తప్పిన నెలసరి, ఈ ఆవిర్లు ఉంటే చాలు, ఆ టెస్ట్ ఈ రోజు ఒక లెక్క వచ్చే వారం ఇంకో లెక్క సూపెడతది అన్నది. థైరాయిడ్ మాత్రం చేయించింది, థైరాయిడ్ ఎక్కువైనా గిట్లనే దడ, చెమటలు ఉంటయట. ఇంకోమాట, రాత్రిపూట చెమటలతోని పాటు జ్వరం, దగ్గు, బరువు తగ్గుడు ఉంటే అది ఇది అనుకోవద్దు, టీబీ పరీక్ష చేయించుకోవాలె అని చెప్పింది. ఏడాది ఆగినంక మల్ల రక్తం కనపడితే కూడ ఊకోవద్దట, వెంటనే రమ్మన్నది.

ఎన్ని రోజులుంటయ్ మేడం అంటే నేను ఆరు నెలలు అంటదనుకున్న. అమెరికాల ఏండ్ల తరబడి ఆడవాళ్ళను చూసుకుంట చేసిన స్టడీల సగటున ఏడేండ్ల పైనే తేలిందట. ఏడేండ్లు! ముట్లు ఆగకముందే మొదలైనోళ్ళకు ఇంకా ఎక్కువ రోజులట, అంటే నాలాంటోళ్ళకు. అక్కడ ముట్లు 51 దగ్గర ఆగితే మనకాడ సగటున 46, 47 కే ఆగిపోతయట.

మందు సంగతికి వస్తే హార్మోన్ అన్నిటికంటే బాగ పనిచేస్తది అన్నది. హార్మోన్ మాట వినంగనే మా ఆయన "క్యాన్సర్ వస్తదంట కదా మేడం" అని అందుకున్నడు, ఆయనకు ఫోన్ల వచ్చిందల్లా నిజమే. మేడం కోపానికి రాలే. 2002ల అమెరికాల పెద్ద స్టడీని నడుమల ఆపేసిన్రు, రొమ్ము క్యాన్సర్ జర ఎక్కువ కనపడ్డదని, అప్పటి నుంచి ప్రపంచం అంతా భయపడ్డది, కాకపోతే ఆ స్టడీల ఉన్నోళ్ళ సగటు వయసు 63, చాలామందికి ముట్లు ఆగి పదేండ్లు దాటినయ్. ఆ లెక్కలనే తర్వాత మల్ల సూస్తే 60 లోపు ఉండి, ఆగి పదేండ్లు కానోళ్ళకు ఆవిర్లు బాగ ఉంటే నష్టం కంటే లాభమే ఎక్కువని తేలింది. ప్రమాదం సున్నా అని నేను చెప్పను, ఏండ్ల తరబడి వాడితే జర పెరుగుతది, ప్రతి ఏడు సూసుకుంట పోదాం అన్నది. ఆ "సున్నా అని చెప్పను" అన్నందుకే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. అంతకుముందు గ్యారంటీ అన్నోళ్ళ చేతుల 2,400 పోగొట్టుకున్న కదా.

రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్ళకు, రక్తం గడ్డలు కట్టినోళ్ళకు, లివర్ జబ్బు ఉన్నోళ్ళకు, ఎందుకో తెల్వకుండ రక్తం పోతున్నోళ్ళకు హార్మోన్ ఇయ్యరు. నాకు అవేం లేవు. మొదలుపెట్టే ముందు పొత్తికడుపు స్కానింగ్, మామోగ్రామ్, బీపీ, కొలెస్ట్రాల్ సూసిన్రు. మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే, దానికి మస్తు భయపడ్డ, రెండు పలకల నడుమ పెట్టి ఒత్తుతరు, నొస్తది, అరనిమిషం, అయిపోయింది. బ్లౌజు కొలత తీసేటప్పుడు సిగ్గుపడే కస్టమర్లకు నేను చెప్పే మాటే ఆ టెక్నీషియన్ పిల్ల నాకు చెప్పింది, "బిగుసుకోకు అక్కా, తొందరగ అయిపోతది."

నాకు రాసింది ఈస్ట్రోజెన్ జెల్, రాత్రి పండుకునేటప్పుడు ఒక ప్రొజెస్టిరాన్ గోలీ. గర్భసంచి ఉన్నోళ్ళకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చట, అందుకే రెండోది తప్పదు, దాన్ని ఒక్కరోజు కూడ మర్చిపోవద్దని గట్టిగ చెప్పింది. జెల్ ఎందుకంటే గోలీ కంటే చర్మం మీంచి పోయేదానికి రక్తం గడ్డల భయం తక్కువ. పొద్దున స్నానం చేసినంక భుజం నుంచి మోచేతి దాక రాసి ఐదు నిమిషాలు ఆరనియ్యాలె, ఆరకముందే జాకెట్ ఏసుకుంటే మందంతా బట్టకే. చిన్న పిల్లలు ఆ జాగకు తాకొద్దు, మా తమ్ముని బిడ్డ మూడేండ్లది ఊకె మీద పడతది, అందుకని చెయ్యి మీద కాకుండ తొడకు రాసుడు అలవాటు చేసుకున్న. రాత్రి గోలీ ఏసుకుంటే నిద్ర ముంచుకొస్తది, నాకైతే అదే వరం.

మొదటి వారం ఏం తెల్వలే, నేను పుస్తకంల రాసుకుంట పోయిన. మూడో వారంల రోజుకు 7. రొమ్ములు జర సలిపినయ్, రెండో నెల నాలుగు రోజులు మరక కనపడ్డది, గుండె ఆగినంత పనైంది, ఫోన్ చేస్తే మొదటి కొన్ని నెలలు అట్ల ఉండొచ్చు, ఆరు నెలలు దాటినా ఉంటే చెప్పు అన్నది. తగ్గింది. ఎనిమిదో వారంల రోజుకు 3, రాత్రి ఒకటే, కొన్ని రాత్రులు అదీ లేదు. మొత్తం పోలే. పోయినయని రాస్తే అబద్ధమైతది. ఇప్పటికీ ఇస్త్రీ కాడ వస్తయ్, కని చెమట చుక్క జారేంత కాదు, వెచ్చగ ఒక అల లేచి పోతది అంతే.

చిన్న చిన్నవి నేను చేసుకున్నవి కూడ ఉన్నయ్. నా వైపు ఒక టేబుల్ ఫ్యాన్, ఇద్దరికి వేరే వేరే రగ్గులు, ఈ ఒక్క పనితోని మా ఇంట్ల సగం లొల్లి తీరింది. చాయ్ చల్లారినంక తాగుడు. ఇస్త్రీ పొద్దున ఏడింటి లోపే అయిపోగొట్టుడు. ఆవిరి లేస్తుందని తెలవంగనే కత్తెర పక్కన పెట్టి మెల్లగ ఊపిరి ఇడుసుకుంట కూసునుడు, దానితోని ఆవిరి ఆగదు, డాక్టర్ కూడ అదే అన్నది, కని భయం తగ్గుతది, దడ పెరగదు. బరువు నాలుగు కిలోలు తగ్గిన, బరువు తగ్గితే ఆవిర్లు కొంత తగ్గుతయని ఆమె చెప్పినందుకు భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడుస్తున్న.

దవాఖాన బెంచీ మీద నా పక్కన పరకాల దిక్కు నుంచి వచ్చినామె ఒకామె కూసునేది. ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి టామాక్సిఫెన్ వాడుతుంది, ఆ మందుకే ఆవిర్లు ఎక్కువైనయ్. ఆమెకు హార్మోన్ వద్దని వెన్లాఫాక్సిన్ ఇచ్చిన్రు, డిప్రెషన్‌కు వాడే గోలీ, తక్కువ డోసుల ఆవిర్లకు పనిచేస్తదట, సగానికి సగం తగ్గినయని చెప్పింది. అట్లాంటిదే పరాక్సెటిన్ అని ఉంటది గని టామాక్సిఫెన్ వాడేటోళ్ళకు అది వద్దట, క్యాన్సర్ మందు పని చెడగొడతదట, అందుకే మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే యవ్వారం కాదు ఇది. అమెరికాల 2023ల హార్మోన్ లేకుండ నేరుగ ఆ మెదడు థర్మోస్టాట్ మీదనే పనిచేసే ఫెజోలినెటాంట్ అనే గోలీ కూడ ఒప్పుకున్నరు, లివర్ టెస్టులు చేసుకుంట వాడాలె దాన్ని.

నా కస్టమర్ ఒకామెకు 33 ఏండ్లకే తెల్లబట్ట అయితుందని గర్భసంచి తీసేసిన్రు, అండాశయాలు కూడ తీసిన్రని ఆమెకు ఏండ్ల తర్వాత కాగితాలు సూపెడితే తెలిసింది. మాకు నాలుగేండ్లు మెల్లమెల్లగ తగ్గే ఈస్ట్రోజెన్ ఆమెకు ఒక్క రాత్రిల తగ్గింది. మా ఊర్లల్ల వాడకు పదిమంది ఉంటరు అసొంటోళ్ళు. మా మేడంను అడిగితే, అంత చిన్న వయసుల తీసేస్తే బొక్కల కోసం, గుండె కోసం మామూలుగ ముట్లు ఆగే వయసు దాక హార్మోన్ ఇయ్యాలె, ఇవ్వలేదా అని ఆమెనే నన్ను అడిగింది. ఏం చెప్పాలె. నాకు దీనిమీద మస్తు కోపం ఉంది గని అది ఇంకోసారి రాస్త.

మా అవ్వ, అదే మా అమ్మ, యాదికొచ్చింది మధ్యల. నేను పదో తరగతిల ఉన్నప్పుడు సంక్రాంతి చలిల అవ్వ వాకిట్ల బండ మీద ఒట్టిగ పండుకునేది, రాత్రి లేచి బావి కాడ నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకునేది. మేము నవ్వేటోళ్ళం, మా నాయనమ్మ గాలి సోకిందని తాయత్తు కట్టించింది. మొన్న పోయినప్పుడు అడిగిన, అవ్వా నీకు ఒంట్లకెల్లి ఆవిర్లు వచ్చేటియా అని. "వచ్చేటియి బిడ్డా, ఏడెనిమిదేండ్లు వచ్చినయ్" అన్నది. మరి చెప్పలేదేందే అంటే "ఎవలకు చెప్పాలె, నీకా, మీ బాపుకా" అన్నది.

పాత కొలతల పుస్తకాలు పారెయ్యను నేను. ఒకరోజు పని లేక తిప్పుకుంట కూసుంటే కొలతల కింద నేను పొట్టిగ రాసుకునే "లై.వ." అని చాలా పేజీలల్ల కనపడ్డది, అంటే లైనింగ్ వద్దు. పట్టు బ్లౌజుకు లైనింగ్ లేకుంటే చంకల చిరుగుతది అని నేను వాళ్ళతోని కొట్లాడేదాన్ని, "వద్దక్కా, ఉబ్బరిస్తది" అనేటోళ్ళు. ఎవరెవరో సూసిన. టీచరమ్మ, ఎనుమాముల మార్కెట్ల మిర్చి దుకాణం ఆమె, మా ఎదురింటి పెద్దమ్మ. ఒక్కరు కూడ 42 కింద లేరు.

పోయిన వారం ఒకామె వచ్చింది, కొడుకు బయట బండి మీద ఉన్నడు, కొలతలు తీస్తుంటే "లైనింగ్ వద్దక్కా" అన్నది. టేపు మెడల ఏసుకుని, "రాత్రిపూట కూడ వస్తున్నయా" అని అడిగిన. ఆమె ఒకసారి బయటికి సూసి, స్టూల్ గుంజుకుని కూసుంది. కొడుకు రెండుసార్లు హారన్ కొట్టిండు. లైనింగ్ లేకుండనే కుట్టిన, చంకల దగ్గర మాత్రం లోపల పల్చటి మల్ బట్ట ముక్క చిన్నది పెట్టి, వీపు ఒక ఇంచు దించిన.